అరుంధతి ఎవరి బిడ్డ? ఆకాశం మీద ఎవరి పేర్లు?

మహానందికి దగ్గర్లో మా ఊరు. మాదిగగేరిలో పెళ్లి. ముహూర్తం పగలు పదకొండు గంటలకు పెట్టినారు. మే నెల ఎండ. తాళి కట్టినాక పంతులు పెళ్లికొడుకునీ పెళ్లికూతురినీ పందిరి బయటికి తీసుకొచ్చి, ఉత్తరం దిక్కు వేలు చూపించి, "అరుంధతి కనబడిందా అమ్మా?" అని అడిగినాడు. ఆ పిల్ల చెమటలు కారుతున్న మొహం పైకెత్తి, కండ్లు చికిలించి, "కనబడింది" అంది. అందరూ నవ్వినారు. పందిరి గుంజకు ఆనుకొని కూర్చున్న మా జేజి మాత్రం నవ్వలేదు. "పట్టపగలు యాడ సుక్కమే? రాత్రికి రమ్మను, నేను సూపిస్తా" అంది.

ఆ రాత్రి మిద్దె మీద పండుకొని నేనే అడిగినా. మా జేజి ఉత్తరం పక్క నాలుగు చుక్కలు చూపించింది. "అవి మంచంకోళ్లు" అంది. దాని వెనక వంకరగా ఉన్న మూడు చుక్కలు దొంగలంట. ముసల్దాని మంచం ఎత్తకపోను వచ్చినారంట. "నడిమి దొంగోని పక్కన సన్నగా ఇంకొకటి ఉండాది, కండ్లు బాగుంటే కనబడతాది. అది ముసల్ది. వాని ఎంబడి పడింది" అంది.

పెద్ద చదువుల్లోకి వచ్చి నక్షత్రాల పటం ముందర పెట్టుకున్నాక గానీ నాకు ఆ మాట బరువు తెలియలేదు. మా జేజి మంచంకోళ్లన్నదీ, పంతులు సప్తర్షులన్నదీ ఒకటే గుంపు. నడిమి దొంగ అని ఆమె చూపించిన చుక్కే పంతులు లెక్కలో వశిష్ఠ మహర్షి. ఆయన పక్కన సన్నగా మెరిసేది అరుంధతి. పంతులుకు ఋషి కనబడిన చోట మా జేజికి దొంగ కనబడినాడు. పంతులుకు పతివ్రత కనబడిన చోట, తన మంచం కోసం దొంగ వెంటబడిన ముసలామె కనబడింది.

ఇది ఒక్క మనిషి చెప్పిన మాట. ఇంకో ఇంట్లో ఇంకోలా చెప్పుకోవచ్చు. దీన్ని పట్టుకొని ఒక సిద్ధాంతం నిలబెట్టను. కానీ ఒక ప్రశ్న మాత్రం నిలబడుతుంది. ఒకే ఆకాశాన్ని చూసిన రెండు చూపుల్లో ఒకటి శాస్త్రంగా, సంస్కారంగా, పెళ్లితంతుగా ఎట్లా మిగిలింది? రెండోది ముసలివాళ్ల ముచ్చటగా ఎట్లా మారిపోయింది? మా ఇంట్లో యూనివర్శిటీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. మా జేజికి తెలిసినదాన్ని ఏ అరలో పెట్టాలో నాకు యూనివర్శిటీలో ఎవరూ చెప్పలేదు. జానపద విజ్ఞానం అన్నారు. విజ్ఞానం అనే మాట ముందర జానపదం అనే చీటీ ఎందుకు అంటించాలో ఎవరూ అడగలేదు.

వెలివాడ బిడ్డ, వశిష్ఠుని భార్య

అరుంధతి విషయంలో మనకు, అంటే మాదిగలకు, ఒక ప్రత్యేకమైన పేచీ ఉంది. ఆమె మా ఆడబిడ్డ అని మేం చెప్పుకుంటాం. జాంబవుని వంశంలో పుట్టిందనీ, మాతంగ కన్య అనీ, బ్రాహ్మణ ఋషికి ఇల్లాలయిందనీ కథ. జాంబపురాణం చెప్పే డక్కలి, చిందు కళాకారులు తరాల తరబడి ఇట్లాంటి కథల్ని మోసుకొచ్చినారు. ఈ కథ పాటల్లో మాత్రమే ఆగిపోలేదు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభ 'పంచమ' అనే పేరును కాదని 'ఆది ఆంధ్ర' అనే పేరు పెట్టుకుంది. వాడలు తమ పేరు తామే పెట్టుకోవడం మొదలుపెట్టిన కాలం అది. ఆ ఊపులోనే 'అరుంధతీయ' అనే పేరు కూడా నిలబడింది. ఈ పొద్దు ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ కులాల జాబితాలో అరుంధతీయ ఒక కులం పేరు. తమిళనాడులో అరుందతియర్లకు ప్రత్యేకంగా 3 శాతం రిజర్వేషన్ ఇస్తూ 2009లో చట్టం చేసినారు. ఒక చుక్క పేరు కుల ధృవీకరణ పత్రంలోకి దిగి వచ్చిందంటే అది చిన్న విషయం కాదు. ప్రపంచంలో ఎంతమంది పీడితులు తమ పేరును ఆకాశంలో నుంచి తెచ్చుకోగలిగినారు?

అయితే ఇక్కడ ఆగి ఆలోచించాల. అంబేద్కర్ 1927 డిసెంబర్ 25న మహద్‌లో తగలబెట్టిన మనుస్మృతిలోనే, తొమ్మిదో అధ్యాయంలో, అక్షమాల అనే అధమజాతి స్త్రీ వశిష్ఠుణ్ణి కలిసినందువల్ల పూజ్యురాలయిందని చెప్పి ఉంది. అక్షమాల అంటే అరుంధతే అని వ్యాఖ్యాతలు చెప్తారు. అంటే మన కథను మనువు కాదనలేదు. అరుంధతి కింది కులం పిల్ల అని ఒప్పుకున్నాడు. ఒప్పుకొని దాన్ని తన నియమానికి ఉదాహరణగా వాడుకున్నాడు. ఆయన నియమం ఏంటంటే, ఆడది తన గుణంతో కాదు, మొగుని గుణంతో విలువ తెచ్చుకుంటుంది, నది సముద్రంలో కలిసినట్లు. కింది కులం బిడ్డకు ఆకాశంలో చోటు ఇచ్చినాడు గానీ, మొగుని పక్కన, మొగుని వెలుగులో, కండ్లు పొడుచుకొని చూస్తే తప్ప కనబడని చోటు ఇచ్చినాడు.

కాబట్టి "అరుంధతి మా బిడ్డ" అని మనం గొంతెత్తినప్పుడు రెండు మాటలు ఒకేసారి పలుకుతున్నాం. ఒకటి, మీరు పెళ్లిపెళ్లికీ చూపించి మొక్కమనే చుక్క మా వాడలో పుట్టింది అనే ధిక్కారం. ఇది న్యాయమైన ధిక్కారం. మా బిడ్డను ఆకాశంలో చూపించి మొక్కిస్తారు, మమ్మల్ని మాత్రం ఊరి బావి దగ్గరికి రానియ్యరా అని అడిగే హక్కు ఈ కథ ఇస్తుంది. రెండో మాట మనకు తెలియకుండానే జారిపోతోంది. బ్రాహ్మణ ఋషి పెండ్లాడినాడు కాబట్టే మా బిడ్డకు గౌరవం వచ్చింది అని మనువుతో ఒప్పుకున్నట్లవుతోంది. ఆడమనిషిగా నాకు ఇంకో బాధ కూడా ఉంది. పాతివ్రత్యానికి నమూనాగా నిలబెట్టిన అరుంధతిని మన గుర్తుగా తెచ్చుకున్నప్పుడు, పొద్దున లేచి కూలికి పోయి, మొగుడు తాగి తంతే ఎదురు తిరిగే మా వాడ ఆడవాళ్లను ఏ కొలతతో కొలుస్తున్నాం? మాతంగి, ఎల్లమ్మ పేర్లతో ఊరి పెద్దలను మొహం మీదనే తిట్టే అధికారం ఉన్న ఆడమనిషి రూపం కూడా మన సంప్రదాయంలోనే ఉంది. ఆ మాతంగికి ఆకాశంలో చుక్క లేదు.

'అరుంధతీ న్యాయం' అని సంస్కృత పండితులు ఒక మాట వాడతారు. సన్నటి చుక్కను ఒక్కసారిగా చూపించలేరు. ముందర పక్కనున్న పెద్ద చుక్కను చూపించి, "ఇది కాదు, దాని పక్కది" అంటారు. తెలిసిన దాని నుంచి తెలియని దానికి తీసుకుపోయే పద్ధతి ఇది. ఇప్పటిదాకా మన చరిత్ర రచన ఈ న్యాయం మీదనే నడిచింది. వశిష్ఠుణ్ణి చూపిస్తే గానీ అరుంధతి లేదు. ఊరిని చూపిస్తే గానీ వాడ లేదు. పెద్ద చుక్క పక్కన పెట్టుకుంటే గానీ మన చుక్కను ఎవరూ చూడరనే భయం మనకే ఉంది.

ఖగోళ శాస్త్రం ఈ కథకు ఒక కొసమెరుపు పెట్టింది. మనకు సుమారు 80 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఈ జంటలో వశిష్ఠుడు నిజానికి ఒక చుక్క కాదు. దుర్భిణిలో రెండు, లోతుగా పరిశీలిస్తే నాలుగు. అరుంధతి కూడా ఒంటిది కాదని, ఆమెకు తనదే ఒక మసక తోడు చుక్క ఉందని 2009లో కనుక్కున్నారు. చుక్కలకు పాతివ్రత్యాలు అంటగట్టిన వాళ్లు ఈ లెక్కను ఏం చేసుకుంటారో వాళ్లకే వదిలేద్దాం.

లెక్క పంతులుది, చూపు ఎవరిది?

ఇక పెళ్లిపందిరి దగ్గరికి మళ్లీ పోదాం. అరుంధతి ఎప్పుడు కనబడుతుంది? మన నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతం భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 15 డిగ్రీల మీద ఉంది. ఇక్కడ మంచంకోళ్లు ఏడాది పొడుగునా కనబడవు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దు గూకినాక ఉత్తరాన బాగా ఎత్తులో ఉంటాయి. కార్తీకంలో సాయంత్రం ఎంత వెదికినా అరుంధతి కనబడదు. నడిరాత్రి దాటి రెండు మూడు గంటలకు గానీ తూర్పు ఉత్తరం మూలన లేవదు. పగటి ముహూర్తానికీ, కార్తీకమాసం సాయంత్రం ముహూర్తానికీ ఒకే మాదిరి వేలు చూపించే తంతు చూపుతో తెగిపోయిన తంతు. చూడకుండానే "కనబడింది" అని చెప్పించే తంతు. ఈ చెప్పించడంలోనే అధికారం ఉంది. లేనిదాన్ని చూసినానని పదిమందిలో ఒప్పించగలిగినవాడే పెద్ద.

కార్తెల సంగతీ అంతే. అశ్విని మొదలుకొని రేవతి దాకా 27 కార్తెలు. సూర్యుడు ఒక్కొక్క నక్షత్ర భాగంలో పదమూడు, పద్నాలుగు రోజులు ఉంటాడు. అదే కార్తె. రోహిణి మే నెలాఖరులో, మృగశిర జూన్ మొదటి వారం దాటినాక, ఆరుద్ర జూన్ 22 ప్రాంతంలో మొదలవుతాయి. రోహిణిలో రోళ్లు పగులుతాయని, ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయని, చిత్త కురిస్తే చింతలు కాస్తాయని మన ఊర్లలో చదువురాని ముసలివాళ్లు కూడా చెప్తారు. పేర్లు సంస్కృతం. పేర్లు చూసి ఈ జ్ఞానం మొత్తం పంచాంగం నుంచి దిగి వచ్చిందని పండితులు చెప్తారు.

కానీ ఒక చిన్న సంగతి గమనించాల. సూర్యుడు ఏ నక్షత్రంలో ఉంటే ఆ నక్షత్రం ఆ రోజుల్లో ఆకాశంలో కనబడదు. ఎండలో కలిసిపోతుంది. మృగశిర కార్తెలో మృగశిర చుక్క కనబడదు. అంటే కార్తె అనేది కంటితో చూసేది కాదు, లెక్క కట్టేది. లెక్క పుస్తకంలో ఉంటుంది. పుస్తకం అగ్రహారంలో ఉంటుంది. ఉగాది నాడు రచ్చబండ దగ్గర పంచాంగం చదివితే వాడ జనం దూరంగా నిలబడి వినాల్సిందే.

మరి చేలో ఉన్నవాడు ఏం చూసేవాడు? మా జేజి పిల్లలకోడి అని ఒక చుక్కల గుంపును చూపించేది. పుస్తకాల్లో కృత్తిక. ఏప్రిల్ ఆఖరు నుంచి అది సూర్యుడి వెలుగులో కలిసిపోయి నెలకు పైగా కనబడకుండా పోతుంది. జూన్ మొదటి వారం, ఆ ప్రాంతంలో తెల్లారుజామున తూర్పున మళ్లీ మొహం చూపిస్తుంది. సరిగ్గా పంచాంగం మృగశిర వచ్చిందని చెప్పే రోజులవి. కోడి పిల్లలతో బయటికి వచ్చిందంటే గొర్రు, గుంటక బాగు చేసుకోవాల్సిందే. దీనికి పంచాంగం అక్కరలేదు. తెల్లారకముందే లేచే బతుకు ఉంటే చాలు.

పంచాంగం లెక్కలో ఇంకో సంగతి ఉంది. మన పంచాంగాలు చుక్కల్ని ఆధారం చేసుకొని ఏడాదిని లెక్కగడతాయి. ఋతువులు సూర్యుణ్ణి బట్టి నడుస్తాయి. భూమి అక్షం మెల్లగా తిరగడం వల్ల ఈ రెండిటి మధ్య సుమారు 72 ఏండ్లకు ఒక రోజు తేడా వస్తుంది. అయిదు వందల ఏండ్ల కింద పుట్టిన సామెత ఈ రోజుకు వారం జరిగి ఉంటుంది. వెయ్యేండ్లకు ఒక కార్తె మొత్తం జరుగుతుంది. అయినా సామెతలు బతికి ఉన్నాయంటే ఎవరో వాటిని తరతరానికీ చేలో పెట్టి పరీక్షిస్తూ, సరిపోనివి వదిలేస్తూ, సరిపోయినవి నిలబెడుతూ వచ్చి ఉండాల. ఈ పరీక్ష చేసింది దున్నినోళ్లు, విత్తినోళ్లు, కలుపు తీసినోళ్లు. నంద్యాల నల్లరేగళ్లలో శనగ ఎప్పుడు వేయాలో, చిత్తలో పదును నిలిచిందా, స్వాతికి ఆగాలా అని మట్టి పిడికిట పట్టి చెప్పింది కూలివాళ్లే. కంచ ఐలయ్య 1996లో 'నేను హిందువునెట్లయిత' అనే అర్థం వచ్చే పేరుతో ఇంగ్లీషులో పుస్తకం రాసినప్పటి నుంచి, ఉత్పత్తి కులాల పనిలోనే శాస్త్రం ఉందనే వాదన మన ముందర ఉంది. ఆ వాదనను చెప్పుల తయారీకీ, దుక్కికీ, వడ్రంగానికీ వర్తింపజేసినంతగా ఆకాశానికి వర్తింపజేయలేదు. ఆకాశం మనది కాదని మనమే అనుకున్నట్లున్నాం.

గుడి అనే మాటను చూడండి. చందమామ చుట్టూ వలయం కడితే మన ఊర్లలో "గుడి కట్టింది" అంటారు. వరదగుడి అని దాని పేరు. గుడి దగ్గరయితే వాన దూరం, గుడి దూరమయితే వాన దగ్గర అని లెక్క. ఎత్తున ఉన్న పల్చటి మబ్బులో మంచు పలుకుల గుండా వెలుగు వంగడం వల్ల ఈ వలయం ఏర్పడుతుంది. అట్లాంటి మబ్బు చాలాసార్లు వానను తెచ్చే మబ్బుకు ముందర నడుస్తుంది. కాబట్టి ఇది ఊరికే అన్న మాట కాదు. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం 1947లో వచ్చింది. కర్నూలు జిల్లా అప్పుడు ఆ రాష్ట్రంలోదే. అంతకు ముందు చట్టం అండ లేని మా పెద్దలు అడ్డం లేకుండా చూసిన గుడి ఏదైనా ఉందంటే అది చందమామ చుట్టూ ఉన్న గుడే. దాన్ని దేవుని కోసం చూడలేదు, వాన కోసం చూసినారు.

చుక్క అంటే జీతగాని గడియారం

ఇంతదాకా చెప్పింది వింటే మన పెద్దలు ఆకాశం చూసి ఆనందించినారని అనిపించవచ్చు. అది అబద్ధం. వాళ్లు చుక్కలు నేర్చుకున్నది ఆనందానికి కాదు.

మా నాయన చిన్నప్పుడు ఒక ఆసామి ఇంట్లో జీతం ఉన్నాడు. వేగుచుక్క పొడిచేసరికి దొడ్లో ఉండాల. ఎద్దులకు మేత వేసి, పేడ ఎత్తి, తెల్లారేసరికి కాడి కట్టాల. ఆలస్యమయితే ఆ పూట తిట్లే సద్ది. ఆసామి ఇంట్లో గోడ గడియారం ఉండేది. మా నాయనకు చుక్క ఉండేది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. వేగుచుక్క అంటే శుక్రగ్రహం. అది సుమారు 584 రోజుల చక్రంలో తిరుగుతుంది. ఎనిమిది తొమ్మిది నెలలు తెల్లారుజామున కనబడుతుంది, కొన్నాళ్లు మాయమవుతుంది, తర్వాత ఎనిమిది తొమ్మిది నెలలు సాయంత్రం పడమర కనబడుతుంది, మళ్లీ కొన్ని రోజులు మాయం. అంటే సగానికి సగం కాలం తెల్లారుజామున వేగుచుక్క ఉండదు. అప్పుడు? "అప్పుడు గొల్లకావడి యాడికి వచ్చిందో సూసేది, పిల్లలకోడిని సూసేది. అవీ లేకుంటే నిద్దర లేకుండా కూసునేది" అని మా నాయన చెప్పేవాడు. ఏ నెలలో ఏ చుక్క ఎక్కడ ఉంటే ఎంత రాత్రి మిగిలిందో లెక్క తెలియకపోతే జీతగానికి బతుకు లేదు. ఈ జ్ఞానం వెట్టిలో పుట్టింది. దీన్ని పొగిడేటప్పుడు వెట్టిని పొగడకుండా జాగ్రత్తపడాల.

రాత్రిపూట నీళ్లు కట్టడం కూడా ఇట్లాంటి పనే. కె.సి. కాలవ కింద మడికి వంతు అర్ధరాత్రి వస్తే ఆసామి పండుకుంటాడు, కూలివాడు గట్టు మీద ఉంటాడు. రాయలసీమ ఊర్లలో చెరువు నీళ్లు పంచే నీరుగట్టి పని చాలాచోట్ల మాల, మాదిగలదే. ఒమన్ దేశంలో ఫలజ్ అనే కాలవల నీటి వంతులను రాత్రిపూట చుక్కల కదలికను బట్టి పంచుకునే పద్ధతి ఉంది. పరిశోధకులు దాని మీద పుస్తకాలు రాసినారు. మన నీరుగట్టి మీద అట్లాంటి ఓపికతో ఎవరు రాసినారు?

ఆఫ్రికా నుంచి రెండు పాఠాలు

ఈ పని ఎట్లా చేయాలో, ఎట్లా చేయకూడదో తెలుసుకోవడానికి ఆఫ్రికా వైపు చూడాల. నల్లవాళ్ల జ్ఞానాన్ని తెల్లవాళ్లు చూసిన తీరుకీ, మన జ్ఞానాన్ని అగ్రవర్ణాలు చూసిన తీరుకీ పోలిక ఉంది.

మొదటిది హెచ్చరిక. మాలి దేశంలో డోగోన్ అనే జనం ఉన్నారు. ఫ్రెంచి పరిశోధకులు మార్సెల్ గ్రియోల్, జెర్మేన్ డీటర్లెన్ 1950లో ఒక వ్యాసం రాసినారు. సిరియస్ నక్షత్రానికి కంటికి కనబడని తోడు చుక్క ఉందని డోగోన్‌లకు తెలుసని అందులో చెప్పినారు. 1976లో రాబర్ట్ టెంపుల్ అనే రచయిత దాన్ని పట్టుకొని, ఇది వేరే లోకం నుంచి వచ్చిన జీవులు వాళ్లకు నేర్పి ఉంటారని పుస్తకం రాసినాడు. నల్లవాడికి ఏదైనా తెలిసిందంటే దాన్ని ఎవరో ఇచ్చి ఉండాల, చివరికి ఆకాశం నుంచి దిగి వచ్చి అయినా. 1991లో వాల్టర్ వాన్ బేక్ అనే మానవశాస్త్రజ్ఞుడు డోగోన్‌ల మధ్య చేసిన పరిశోధనను ప్రచురించి, గ్రియోల్ చెప్పిన ఆ సిరియస్ కథ తనకు అక్కడి జనంలో దొరకలేదని చెప్పినాడు. ఇక్కడ అవమానం రెండుసార్లు జరిగింది. వాళ్లకు సొంతంగా తెలిసే వీలు లేదనడం ఒక అవమానం. వాళ్లు చెప్పని గొప్పను వాళ్ల నోట్లో పెట్టి, నిజంగా వాళ్లకు తెలిసినదాన్ని వినకపోవడం రెండో అవమానం. మన వేదాల్లో విమానాలున్నాయనే వాళ్లను మనం వెక్కిరిస్తాం. రేపు మనమే "మాదిగ పురాణంలో అణుశాస్త్రం ఉంది" అని మొదలుపెడితే టెంపుల్ దారిలో నడిచినట్లే.

రెండోది ఆదర్శం. దక్షిణాఫ్రికాలో షోసా జనం కృత్తికను ఇసిలిమేలా అంటారు. తవ్వడానికి, సేద్యానికి సంబంధించిన మాట అది. జూన్ నెలలో తెల్లారుజామున అది మళ్లీ కనబడితే సేద్యం సంవత్సరం మొదలయినట్లు. మగపిల్లలు పెద్దవాళ్లయిన తంతు జరిగినప్పటి నుంచి ఎన్ని ఇసిలిమేలాలు చూసినారో అన్ని ఏండ్లు లెక్కపెట్టుకుంటారు. మహానంది తావులో మా జేజికీ, సముద్రాల అవతల షోసా రైతుకూ అదే నెలలో, అదే తెల్లారుజామున, అదే చుక్కల గుంపు పని చెప్పింది. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నది కాదు. పని నేర్పింది. 1870లలో కేప్‌టౌన్‌లో బ్లీక్, లాయిడ్ అనే ఇద్దరు పరిశోధకులు శాన్ మనుషుల నోటి నుంచి కథలు రాసుకున్నారు. వాటిలో ఒక పిల్ల పొయ్యిలోని బూడిదను ఆకాశంలోకి విసిరితే పాలపుంత అయిందనే కథ ఉంది. అది రాత్రి ఇంటికి వచ్చేవాళ్లకు దారి చూపిస్తుంది. మన మాటలో కూడా పుంత అంటే పొలాల నడుమ దారే.

ఆఫ్రికాలో ఈ పని ఈ పొద్దు ఆఫ్రికన్లే చేస్తున్నారు. దక్షిణాఫ్రికా ఖగోళ శాస్త్రజ్ఞుడు థెబె మెదూపె ఆ ఖండంలో పలుచోట్ల తిరిగి జనం ఆకాశాన్ని ఎట్లా చూస్తారో తెలుసుకున్నాడు. ఆ ప్రయాణం మీద 'కాస్మిక్ ఆఫ్రికా' అనే సినిమా 2003లో వచ్చింది. అంతర్జాతీయ ఖగోళ సంఘం 2016లో నక్షత్రాల పేర్ల కోసం ఒక కమిటీ వేసింది. 2017లో వృశ్చికంలోని ఒక చుక్కకు 'సింహం కండ్లు' అనే అర్థం వచ్చే ఖోయ్‌ఖోయ్ పేరును అధికారికంగా ఒప్పుకుంది. మన అరుంధతికి ఆ జాబితాలో ఉన్న పేరు అరబ్బీది, ఆల్కోర్.

మన దగ్గర కూడా కొంత జరిగింది. టాటా సంస్థలో ఖగోళ శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన మయాంక్ వాహియా, గణేశ్ హల్కరేతో కలిసి విదర్భ గోండుల మధ్య తిరిగి 2013లో వ్యాసం ప్రచురించినారు. గోండులు కూడా ఆ నాలుగు చుక్కలను మంచమనీ, తోకలోని మూడింటిని దొంగలనీ చెప్తారని అందులో ఉంది. అది చదివినప్పుడు నాకు మా జేజి గొంతు వినబడింది. అంతవరకూ ఒక్క ఇంటి మాట అనుకున్నది గోదావరి అవతలి అడవుల్లో కూడా ఉంది. ఋషులు రాకముందు ఎన్ని ఊర్లలో ఈ మంచం వేసి ఉండేదో వెదకాల్సిన పని మిగిలే ఉంది.

తెలుగులో చుక్కల పేర్లు నిఘంటువుల్లో అక్కడక్కడ ఉన్నాయి. కానీ ఏ కులం, ఏ పని మనిషి చెప్పిందో ఉండదు. గొల్లకావడి పేరులోనే కులం ఉంది, చెప్పిన గొల్ల పేరు లేదు. పల్లెపదం అని రాస్తారు. పల్లెకు కులం లేదా? ఊరికీ వాడకూ నడుమ దారి ఉన్నట్లే, వాటి ఆకాశాల నడుమ కూడా తేడా ఉంటుంది. మహారాష్ట్రలో గ్రహణం పట్టినప్పుడు మాంగ్ కులం వాళ్లు వీధుల్లో తిరిగి, దానం ఇస్తే గ్రహణం విడుస్తుందని కేకలు వేసేవాళ్లు. గ్రహణం అక్కడ ఒక కులం మీద పడిన పని. దానమిచ్చేవాని ఆకాశం, దానమడిగేవాని ఆకాశం ఒకటే అని ఎవరు చెప్పగలరు?

చేయాల్సింది

కాబట్టి అరుంధతి మన బిడ్డ కాదని నేను చెప్పడం లేదు. ఆ పేరు మీద మన పెద్దలు కొట్లాడినారు, పత్రాల్లో ఎక్కించుకున్నారు. 1994లో దండోరా మొదలయినప్పటి నుంచి 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు ఒప్పుకున్న తీర్పు దాకా, పేరు అనేది వాటా అడగడానికి ఆధారం. ఆ ఆధారాన్ని వదులుకోవద్దు. కానీ వశిష్ఠుని పక్కన చోటుతో తృప్తిపడొద్దు. మన హక్కు పురాణంలో ఉన్న పెండ్లి వల్ల రాలేదు. తెల్లారుజామున లేచి చూసిన చూపు వల్ల వచ్చింది.

చూసినవాళ్లు పోతున్నారు. నంద్యాల, ఆళ్లగడ్డ పట్టణాల దీపాల వెలుగులో పిల్లలకోడే కష్టంగా కనబడుతోంది. ఫోన్ గంట కొడితే లేచే తరానికి చుక్క అక్కర లేదు. జీతాలు పోవడం మంచిదే, ఎవరూ వాటిని మళ్లీ కోరుకోరు. కానీ ఆ చూపు కూడా వాటితో పాటే పూడ్చిపెట్టాల్సిన పని లేదు. విద్యార్థులు, టీచర్లు, కార్యకర్తలు సెలవులకు ఊరికి పోయినప్పుడు తమ వాడలో అరవై దాటిన మనుషులను, ముఖ్యంగా ఆడవాళ్లను, రాత్రిపూట బయట కూర్చోబెట్టి అడగండి. ఏ చుక్క, ఏ పేరు, ఏ నెల, ఏ పని, ఎవరి చేలో అని రాసుకోండి. కులం రాయండి, ఊరు రాయండి. తెలియదంటే తెలియదనే రాయండి. వాళ్లు చెప్పని గొప్పను చేర్చొద్దు.

2016 జనవరి 17న మనల్ని విడిచిపోయిన రోహిత్ వేముల, కార్ల్ సాగన్ లాగా సైన్సు రాయాలని కోరుకున్నాడు. ఆఖరి ఉత్తరంలో చుక్కల దాకా పోగలనని నమ్మినట్లు రాసినాడు. ఒక దళిత విద్యార్థి ఆకాశాన్ని కోరుకోవడం ఈ దేశానికి వింతగా అనిపించింది. మనకు వింత కాదు. ఆ కోరిక మన ఇండ్లలో ఎప్పటి నుంచో ఉంది, పెద్దచదువుల పేరు లేకుండా, నులకమంచం మీద.

మా జేజి ఇప్పుడు లేదు. పోయిన మే నెలలో మా ఊర్లో ఇంకో పెళ్లికి పోయినా. ముహూర్తం మళ్లీ పగలే. పంతులు మళ్లీ వేలు చూపించినాడు. పెళ్లికూతురు నాకు తెలిసిన పిల్ల, డిగ్రీ చదివింది. "కనబడిందా అమ్మా?" అని అడిగితే, "లేదు స్వామీ, రాత్రికి చూస్తా" అంది.